లాటిన్‌లో పక్షి పేరు "అవిస్": పుట్టుక, అర్థాలు, తరచుగా అడిగే ప్రశ్నలు

పిట్టల సైంటిఫిక్ పేర్లు నేర్చుకునేవాళ్ళకీ, పదాల పుట్టుక మీద సరదా ఉన్నవాళ్ళకీ ఈ ఒక్క పదం దగ్గర అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట పెట్టేశా. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబే. లాటిన్ మాటలు తెలుగు లిపిలో రాశాను కాబట్టి ఉచ్చారణ అటూ ఇటూగా ఉంటుంది, సర్దుకోండి.

## మొదట్లో వచ్చే డౌట్లు

"అవిస్" అంటే ఏంటి, అసలు ఎలా పలకాలి?

పక్షి అనే. పిచ్చుక నుంచి గద్ద దాకా దేనికైనా లాటిన్‌లో వాడే మామూలు మాట. మొదటి అచ్చు పొట్టి "అ", దాన్ని "ఏవిస్" అని సాగదీసేది ఇంగ్లీషువాళ్ళు. సీజర్ కాలంలో ఆ "వ"ని పెదాలు గుండ్రంగా చుట్టి పలికేవారు, పంటికి పెదవి తగలకుండా. బహువచనం "అవేస్". "పక్షుల యొక్క" అనాలంటే "అవియుమ్". సైన్స్ పేర్లలో ఎక్కువగా కనబడేవి ఈ రెండు రూపాలే కాబట్టి ఇవి గుర్తుంటే చాలు.

ఇది స్త్రీలింగం అంటారు, మరి మగ పక్షి అయితే?

మగదైనా అవిసే, స్త్రీలింగమే. లాటిన్‌లో లింగం అనేది పదానికి ఉంటుంది, ఎదురుగా ఉన్న పిట్టకి ఏముంది అని చూడరు. అందుకే "అరుదైన పక్షి" అంటే "రారా అవిస్", ఆ పక్షి పుంజే అయినా "రారుస్ అవిస్" అనకూడదు.

అవిస్, ఆలెస్, వొలుక్రిస్... ఇన్ని మాటలెందుకు?

మనకి పక్షి, పిట్ట, విహంగం, ఖగం ఉన్నట్టే. "ఆలెస్" అంటే రెక్కలున్నది, "వొలుక్రిస్" అంటే ఎగిరేది, ఈ రెండూ కవిత్వంలో ఎక్కువ, వొలుక్రిస్‌ని పురుగులక్కూడా వాడేశారు. మామూలు మాటల్లో అవిస్ ఒక్కటే. అయితే శకునాలు చూసే పెద్దల భాషలో ఆలెస్‌కి ఒక ప్రత్యేకమైన అర్థం ఉండేది, ఎగిరే తీరుని బట్టి సూచన ఇచ్చేవి "ఆలితేస్" (డేగ, రాబందు లాంటివి), గొంతుని బట్టి ఇచ్చేవి "ఓస్కినేస్" (కాకులు, గుడ్లగూబ). ఆ రెండో మాటనే ఇవాళ పక్షి శాస్త్రవేత్తలు పాడే పిట్టల పెద్ద గుంపుకి పేరుగా వాడుతున్నారు, ఓసైన్స్ అని.

"ఆవే మరియా"లో ఆవే ఇదేనా? అవకాడో? ఆ కార్ల అద్దె కంపెనీ?

మూడూ కాదు. "ఆవే" అంటే నమస్కారం లాంటి పలకరింపు, రోమన్లు అది ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరం వాళ్ళ ప్యూనిక్ భాష నుంచి తెచ్చుకుని ఉంటారని ఎక్కువమంది అనుకుంటారు. అవకాడో మెక్సికోలోని నవాట్ల్ భాష మాట. అవిస్ కంపెనీకి ఆ పేరు పెట్టింది వ్యవస్థాపకుడి ఇంటిపేరుని బట్టి.

## పుట్టుక, చుట్టరికాలు

ఈ పదం ఎక్కడి నుంచి వచ్చింది? సంస్కృతంలో దీనికి చుట్టం ఉందా?

ఉంది, అదీ చాలా చిన్నది: "వి". ఒకే అక్షరం. సంస్కృతానికీ లాటిన్‌కీ గ్రీకుకీ ముందున్న మూలభాషలో పక్షికి ఒక మాట ఉండేది, దాని మొదట్లో ఉన్న అచ్చు లాటిన్‌లో నిలబడి "అవిస్" అయింది, సంస్కృతంలో రాలిపోయి "వి" మిగిలింది. ఋగ్వేదం మొదటి మండలంలో వరుణుడి మీద సూక్తంలో "వేదా యో వీనాం పదమ్ అంతరిక్షేణ పతతామ్" అని ఉంటుంది, ఆకాశంలో ఎగిరే పక్షుల దారి తెలిసినవాడు అని. ఆ "వీనాం" అన్నది లాటిన్ "అవియుమ్"కి వరసకి అన్నో తమ్ముడో. అమరకోశంలో పక్షి పేర్ల వరసలో కూడా "వి" ఉంది, కాకపోతే మిగతా పేర్ల సందులో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి బట్టీ పట్టినవాళ్ళు కూడా దాన్ని గమనించరు. మిగతా చుట్టాల్లో అర్మేనియన్ "హావ్" (ఇవాళ దానర్థం కోడి), వెల్ష్ భాషలో బాతుకి వాడే "హుయాద్", గ్రీకులో డేగకి వాడే "అయెతోస్" చెప్పుకోవచ్చు.

సంస్కృతంలో "అవి" అనే మాట ఉంది కదా, అదే కదా ఇది?

ఇక్కడే చాలామంది పడిపోతారు. సంస్కృతం "అవి" అంటే గొర్రె. దానికి లాటిన్ చుట్టం "ఒవిస్", అదీ గొర్రే. మూలభాషలో ఉన్న "ఒ" సంస్కృతానికి వచ్చేసరికి "అ" అయిపోతుంది, లాటిన్‌లో "ఒ"గానే ఉంటుంది. అంటే చెవికి ఒకేలా వినబడే సంస్కృత అవి, లాటిన్ అవిస్ రెండూ వేరు వేరు కుటుంబాలు, ఒకేలా వినబడని వి, అవిస్ మాత్రం ఒక తల్లి పిల్లలు. సౌండ్ కలిసిందని చుట్టరికం కలిపేయకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. తెలుగు "అవి, ఇవి"కి దీనితో ఏ లెక్కలోనూ సంబంధం లేదు.

విమానంలో "వి", విహంగంలో "వి" అంటే పక్షే కదా?

వినడానికి భలే ఉంటుంది గానీ కాదు. విమానంలో "వి" ఉపసర్గ, "మా" అంటే కొలవడం, కొలిచి కట్టినది అని మొదటి అర్థం, గుడి గోపురాన్ని విమానం అనేది అందుకే. విహంగంలో "విహాయస్" అంటే ఆకాశం, ఆకాశంలో వెళ్ళేది విహంగం.

గుడ్డుకి లాటిన్‌లో "ఓవుమ్" అంటారు, దానికీ అవిస్‌కీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. "పక్షికి సంబంధించినది" అనే అర్థంలో పక్షి మాట నుంచే గుడ్డు మాట పుట్టిందని ఒక వాదం ఉంది, నాకైతే నమ్మబుద్ధి అవుతుంది, కానీ అందరూ ఒప్పుకున్న విషయం కాదు. కోడి ముందా గుడ్డు ముందా అన్నదానికి ఈ వాదం ప్రకారం కోడి ముందు.

లాటిన్ ఒక్కటేనా, ఇటలీలో వేరే పాత భాషల్లోనూ ఈ మాట ఉందా?

ఉంది. మధ్య ఇటలీలో గుబ్బియో అనే ఊళ్ళో 7 కంచు పలకలున్నాయి, ఉంబ్రియన్ అనే పాత భాషలో పూజా విధానం చెక్కి ఉంటుంది. ఒక విధి మొదలయ్యేదే పక్షుల్ని గమనించి మొదలుపెట్టమని చెప్పి, ఆ పక్షిని "అవిఫ్" లాంటి రూపాల్లో అంటారు. కాకి, వడ్రంగి పిట్ట లాంటి పేర్లు కూడా వరసగా ఇచ్చారు. అంటే పక్షుల్ని చూసి పని మొదలుపెట్టే అలవాటు రోము ఒక్కదానిది కాదు, ఆ చుట్టుపక్కల అందరిదీ.

## రోము నగరంలో ఈ మాట బతుకు

పక్షి అనే మాటకి "శకునం" అనే అర్థం ఎలా వచ్చింది?

ఏ పనికైనా ముందు పిట్టల వంక చూసే జనం కాబట్టి మెల్లగా పిట్టే శకునం అయిపోయింది. "బోనా అవి" అంటే మంచి పక్షితో, అంటే మంచి శకునంతో. "మాలా అవి" అంటే చెడు శకునంతో. ట్రాయ్ రాకుమారుడు హెలెన్‌ని తీసుకుపోయేటప్పుడు "మాలా అవి" ఇంటికి తీసుకెళ్తున్నావు అని రోమన్ కవి హోరేస్ పద్యంలో హెచ్చరిక ఉంటుంది, అక్కడ పిట్ట ఏదీ ఎగరదు, మాట మాత్రమే ఉంది. రోము పుట్టిన కథ కూడా ఇదే, ఊరు కట్టబోయిన కవల సోదరుల్లో రెముస్‌కి ముందు 6 రాబందులు కనబడ్డాయి, తర్వాత రొములుస్‌కి 12 కనబడ్డాయి, ముందు కనబడ్డం గొప్పా, ఎక్కువ కనబడ్డం గొప్పా అని గొడవపడ్డారని, ఆ కొట్లాటలో రెముస్ చచ్చిపోయాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు.

ఔస్పెక్స్, ఔగుర్ ఒకటేనా?

పని దగ్గర దగ్గరగా ఉన్నా మాటలు వేరు. "ఔస్పెక్స్" తేలిక, అవిస్ + స్పెకియో, పక్షిని చూసేవాడు. "అవి" అన్నది వేగంగా పలికితే "ఔ" అవుతుంది, మన సంధిలా. "ఔకెప్స్" కూడా అలాగే, పక్షుల్ని పట్టేవాడు, వేటగాడు. "ఔగుర్" మాత్రం తిరకాసు, అది ప్రభుత్వం తరఫున శకునాలకి అర్థం చెప్పే పూజారి పదవి. అందులోనూ అవిస్ ఉందని పాతవాళ్ళు అనేవారు, ఇప్పుడు ఎక్కువమంది "ఔగెయో" (పెంచు, వృద్ధి చేయు) వైపు మొగ్గుతున్నారు. ఆ ధాతువు నుంచే ఔగుస్తుస్ కూడా, అంటే ఆగస్టు నెల కూడా.

అసలు ఆ పని ఎలా చేసేవాళ్ళు?

లివీ ఒకటి దగ్గర నుంచి చూపిస్తాడు, నుమా అనే అతను రోముకి రాజు కావచ్చా లేదా అని దేవుణ్ణి అడిగిన సందర్భం. నుమాని కోట మీదకి తీసుకెళ్ళి ఒక రాయి మీద దక్షిణం వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టారు. ఔగుర్ తల మీద గుడ్డ కప్పుకుని అతని ఎడమ పక్కన కూర్చున్నాడు, కుడిచేతిలో చివర వంకీ తిరిగిన, ఎక్కడా కణుపు లేని కర్ర, దాన్ని "లిటువుస్" అంటారు. ఊరి మీదుగా పొలాల దాకా చూసి, ఆకాశాన్ని తూర్పు నుంచి పడమరకి గీత గీసినట్టు విడదీసి, దక్షిణం కుడి అనీ ఉత్తరం ఎడమ అనీ చెప్పి, ఎదురుగా కంటికి ఆనినంత దూరంలో ఒక గుర్తు పెట్టుకున్నాడు. తర్వాత కర్ర ఎడమచేతికి మార్చి, కుడిచెయ్యి నుమా తల మీద పెట్టి, ఇతనే రాజు కావాలంటే నేను గీసిన ఈ హద్దుల్లోపల గుర్తు చూపించు స్వామీ అని జూపిటర్‌ని అడిగాడు. ఆ గీసుకున్న హద్దుని "టెంప్లుమ్" అంటారు. ఇంగ్లీషులో గుడికి వాడే టెంపుల్ అదే.

కుడి మంచిదా, ఎడమ మంచిదా?

రోమన్లకి ఎడమ మంచిది, గ్రీకులకి కుడి. రోమన్లు దక్షిణం చూసి కూర్చుంటే తూర్పు ఎడమకి వస్తుంది, గ్రీకులు ఉత్తరం చూస్తే కుడికి వస్తుంది, ఇద్దరికీ కావలసింది తూర్పే అని ఎక్కువగా చెప్పే వివరణ. కానీ పిట్టని బట్టి కూడా మారేది, మాలకాకి కుడివైపు, మామూలు కాకి ఎడమవైపు అరిస్తే పని ఖాయమని. తర్వాత గ్రీకు ప్రభావం పెరిగి లాటిన్‌లోనూ ఎడమకి చెడ్డ పేరు వచ్చింది.

యుద్ధానికి కోళ్ళని తీసుకెళ్ళేవారట, నిజమేనా?

నిజమే. అడవి పిట్ట మన టైముకి ఎగరదు కదా, అందుకని పంజరంలో పెట్టిన కోళ్ళు. చూసుకునేవాణ్ణి "పుల్లారియుస్" అంటారు. గింజలు వేస్తే ఆత్రంగా తిని ముక్కులోంచి కింద పడేస్తే బ్రహ్మాండమైన శకునం, తినకపోతే ఆ రోజు యుద్ధం వద్దు.

క్రీ.పూ. 249లో సిసిలీలోని డ్రెపానా దగ్గర కోళ్ళు తినలేదట, సేనాని క్లాడియుస్ పుల్కెర్‌కి కోపం వచ్చి "తినకపోతే తాగమనండి" అని సముద్రంలోకి విసిరేయించాడు. ఆ రోజు కార్తేజ్ చేతిలో 93 ఓడలు పోయాయి. క్రీ.పూ. 293లో అక్విలోనియా దగ్గర ఉల్టా జరిగింది, సైన్యం ఊపు మీద ఉంది కదా అని పుల్లారియుస్ కోళ్ళు బాగా తిన్నాయని అబద్ధం చెప్పేశాడు, సైన్యాన్ని నడిపిస్తున్న కాన్సుల్‌కి (రోములో పెద్ద అధికారి) ఆ సంగతి తెలిసి నాకు చెప్పిన శకునం మంచిదే, అబద్ధమైతే ఆ పాపం చెప్పినవాడిదే అని కోళ్ళవాళ్ళని ముందు వరసలో నిలబెట్టాడు, యుద్ధం మొదలవకముందే ఎటునుంచో వచ్చిన బల్లెం తగిలి ఆ మనిషి చచ్చిపోయాడు. శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు. రోమన్లు యుద్ధం గెలిచారు.

చదువుకున్న రోమన్లు దీన్ని నిజంగా నమ్మారా?

రోమన్ నాయకుడు, రచయిత సిసెరోని చూడండి, తనే ఔగుర్ పదవిలో ఉన్నాడు, క్రీ.పూ. 44లో ఇదే విషయం మీద పుస్తకం రాస్తూ పంజరంలో ఆకలితో మాడ్చిన కోడి గింజ కనబడగానే మింగబోయి ముక్కులోంచి జారవిడవకుండా ఉంటుందా అని ఎగతాళి చేశాడు. అలాగని పదవి వదిలేయలేదు, ఊరికి కట్టుబాటుగా అది ఉండాలన్నాడు. రాజకీయానికి కూడా బాగా పనికొచ్చేది, క్రీ.పూ. 59లో సీజర్ చట్టాలు ఆపడానికి తోటి కాన్సుల్ బిబులుస్ ఇంట్లో కూర్చుని "నేను ఆకాశం చూస్తున్నాను, శకునం బాలేదు" అని కబురు పెడుతూ ఉండేవాడు. సీజర్ పట్టించుకోలేదనుకోండి.

మన "శకునం"కీ దీనికీ సంబంధం ఉందా?

పదంగా లేదు, ఆలోచనలో నూటికి నూరు పాళ్ళు ఉంది. సంస్కృతంలో "శకున" అంటే మొదటి అర్థం పక్షే. శకుంతలకి ఆ పేరు వచ్చింది శకుంతాలు, అంటే పక్షులు, అడవిలో ఆమెని కాపాడాయని. మహాభారతంలో శకుని పేరుకీ అర్థం పక్షే. ఋగ్వేదం రెండో మండలం చివర్లో రెండు సూక్తాలు శకునం పలికే పిట్ట మీదే ఉన్నాయి, మంచి మాట పలుకు, డేగ నిన్ను కొట్టకుండుగాక అంటూ. గ్రీకులోనూ "ఒర్నిస్" అంటే పక్షి, శకునం రెండూనూ. మూడు భాషల్లో మూడు వేరు వేరు పదాలు, మూడూ పక్షి దగ్గర మొదలై శకునం దగ్గరికి చేరాయి. తెలుగులో పక్షి అర్థం పూర్తిగా మర్చిపోయాం కాబట్టే ఎప్పుడూ చెడు మాట్లాడేవాణ్ణి "శకునపక్షి" అని తిడతాం, విడదీస్తే పక్షి పక్షి అని.

## లాటిన్ తర్వాత

ఫంక్షన్లలో "ఆస్పిషియస్ అకేషన్" అంటారే, అందులో పక్షి ఉందా?

ఉంది. ఔస్పికియుమ్, అంటే పక్షి చూపు, దాని నుంచే ఆస్పిషియస్. రోములో పెళ్ళికి కూడా ఔస్పెక్స్ ఉండాలి, పాతకాలంలో నిజంగా పక్షుల్ని చూసేవాళ్ళు, సిసెరో నాటికి చూడ్డం పోయి పెళ్ళిపెద్దకి ఆ పేరు మాత్రం మిగిలింది. "ఇనాగరేషన్" ఔగుర్ నుంచి వచ్చింది, శకునం చూసి పదవిలో కూర్చోబెట్టడం అని. మన ఊళ్ళో సెల్‌ఫోన్ షాపు రిబ్బన్ కటింగ్ దాకా వచ్చిందంటే ఆ మాట చాలా దూరమే ప్రయాణించింది.

ఫ్రెంచ్‌లో పక్షిని "వాజో" అంటారు, అది అవిస్ నుంచే అంటే నమ్మేదెలా?

మధ్యలో మెట్లున్నాయి. బుల్లి పక్షి అని ముద్దుగా "అవికెల్లుస్", అది జనం నోట్లో "ఔకెల్లుస్" అయింది, ఇటలీలో "ఉచ్చెల్లో", ఫ్రాన్స్‌లో "వాజెల్" లాంటిదై చివరికి "వాజో". ఇంకో ముద్దు రూపం "అవికా", నలిగి "ఔకా", దానికి పక్షి అనే అర్థం పోయి ఒక్క బాతు జాతికి, అంటే గూస్‌కి అతుక్కుంది, ఇటాలియన్‌లో "ఓకా", ఫ్రెంచ్‌లో "వా". స్పానిష్, పోర్చుగీస్ వాళ్ళు మాత్రం "ఆవె" అని దాదాపు అలాగే ఉంచుకున్నారు. చిన్న పిట్టలకి స్పానిష్‌లో వాడే "పాహరో"కి అవిస్‌తో పనిలేదు, అది పిచ్చుక పేరు "పాస్సెర్" నుంచి.

"ఏవియేషన్" అనే మాట ఎవరు పెట్టారు?

గాబ్రియేల్ ద లా లాండెల్ అనే ఫ్రెంచ్ మాజీ నేవీ ఆఫీసర్, రచయిత కూడా, 1863లో. అప్పటికి విమానాల్లేవు, బెలూన్లే. గాలికంటే బరువైన దాన్ని పక్షిలా ఎగరెయ్యాలి అనేవాళ్ళకి బెలూన్ వాళ్ళతో కలవని మాట ఒకటి కావాల్సొచ్చింది, నేరుగా అవిస్‌ని తీసుకున్నారు. తర్వాత క్లెమాఁ అడేర్ తన యంత్రాలకి "అవియోఁ" అని పేరు పెట్టాడు, ఇవాళ ఫ్రెంచ్‌లో విమానమంటే అదే మాట.

ఆస్ట్రిచ్, బస్టర్డ్ పేర్లలో కూడా అవిస్ దాక్కుందట?

రెండింట్లోనూ ఉంది. ఆస్ట్రిచ్ అంటే "అవిస్ స్ట్రూథియో", ఫ్రెంచ్ మీదుగా నలిగి వచ్చింది, స్పానిష్ "అవెస్త్రూస్"లో ఇప్పటికీ ఆవె స్పష్టంగా వినబడుతుంది. బస్టర్డ్ అంటే "అవిస్ టార్డా", స్పెయిన్‌లో అలా అంటారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. టార్డా అంటే నిదానమైనది. ఆ పక్షి ఏమంత నిదానం కాదు, బాగానే పరిగెడుతుంది, అందుకని అది స్థానిక స్పెయిన్ మాటేదో లాటిన్ చెవికి అలా వినబడిందేమో అని అనుమానించేవాళ్ళున్నారు, నాకూ అదే అనిపిస్తుంది. మన బట్టమేక పిట్టది ఈ కుటుంబమే. కర్నూలు వైపు రోళ్ళపాడు అభయారణ్యం పెట్టింది దాని కోసమే.

"రారా అవిస్" అంటే ఏంటి, ఎవరన్నారు?

అరుదైన పక్షి, అంటే దొరకని మనిషి లేదా వస్తువు. ఎక్కువగా చెప్పేది రోమన్ వ్యంగ్య కవి జువెనాల్ మాట, అన్ని గుణాలూ ఉన్న భార్య భూమ్మీద అరుదైన పక్షి, నల్లహంస లాంటిది అని ఎకసెక్కంగా అన్నాడు. నల్లహంస లేనే లేదు అని అతని ఉద్దేశం. 1697లో డచ్ నావికుడు విలెమ్ ద వ్లామింగ్ మనుషులు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక నదిలో నిజంగానే నల్లహంసల్ని చూశారు.

కానీ జువెనాల్ కంటే ముందే హోరేస్ ఈ మాట వాడాడు, అదీ మన నెమలి గురించి. కోడి కూర కంటే నెమలి కూర రుచేం కాదు, బంగారం పోసి కొనాల్సిన రారా అవిస్ కాబట్టి, పింఛం విప్పి ఆడుతుంది కాబట్టి తింటారు, తినేది ఈకల్నా అని. భారతదేశపు పిట్ట రోము దాకా వెళ్ళి డబ్బున్నవాళ్ళ పళ్ళెంలో చేరింది మరి. మొదట వడ్డించింది హోర్టెన్సియుస్ అనే లాయర్ అంటారు, సందర్భం ఏంటంటే అతను ఔగుర్ అయిన విందు. పక్షుల్ని గమనించే పదవికి పక్షి కూరతో పార్టీ.

## సైంటిఫిక్ పేర్ల దగ్గర

పక్షుల తరగతిని "ఏవీస్" అన్నది ఎవరు?

జీవులకి లాటిన్ పేర్లు పెట్టే పద్ధతి స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్. 1758లో వచ్చిన తన "సిస్టెమా నాటురే" పుస్తకం పదో ఎడిషన్‌లో పక్షులన్నిటినీ "అవేస్" అనే తరగతిలో పెట్టి 6 గుంపులు చేశాడు. అది మామూలు లాటిన్ బహువచనమే, బయాలజీ పుస్తకాల్లో ఇంగ్లీష్ పలుకుబడితో ఏవీస్ అయింది.

చెర్రీ చెట్టుకి "ప్రూనస్ ఏవియం" అని ఎందుకు? అది పక్షి కాదుగా?

ఏవియం అంటే "పక్షుల యొక్క". పక్షులు తినే చెర్రీ అని. కోళ్ళకి క్షయ తెచ్చే బాక్టీరియా "మైకోబాక్టీరియం ఏవియం"లో ఉన్నదీ ఇదే. "అవిక్యులేరియా" అని పెద్ద సాలెపురుగు ఉంది, 1705లో మరియా సిబిల్లా మెరియన్ సురినామ్ మీద వేసిన పుస్తకంలో ఒక సాలీడు చిన్న పిట్టని పట్టుకున్న బొమ్మ ఉంటుంది, పేరు వెనక కథ అదే.

డైనోసార్ల పేర్లలో చివర "అవిస్" అని వస్తే అవి పక్షులేనా?

పేరు పెట్టినవాళ్ళ నమ్మకం అంతవరకే. శిలాజాల శాస్త్రవేత్త శంకర్ ఛటర్జీ అమెరికాలోని టెక్సస్‌లో దొరికిన ఎముకలకి 1991లో "ప్రోటోఅవిస్" అని పేరు పెట్టారు, తొలిపక్షి అని. చాలామంది ఒప్పుకోలేదు, వేరు వేరు జంతువుల ఎముకలు కలిసిపోయాయి అంటారు. ఆయనే అంతకుముందు మన ప్రాణహిత-గోదావరి లోయలో మలేరి రాళ్ళలో దొరికిన సరీసృపానికి మలేరిసారస్ అని పేరు పెట్టారు.

లాటిన్ పేర్లలోకి మన తెలుగు మాట ఏదైనా వెళ్ళిందా?

వెళ్ళింది, "పిట్ట"నే వెళ్ళింది. 1816లో వియెయో అనే ఫ్రెంచ్ పక్షి శాస్త్రవేత్త ఒక ప్రజాతికి "పిట్టా" అని పేరు పెట్టాడు, అది తెలుగు మాటే. హిందీలో నవరంగ్ అనే రంగురంగుల పిట్ట ఉంది చూశారా, దాని పేరు "పిట్టా బ్రాకియూరా", రెండో మాట గ్రీకు నుంచి, పొట్టి తోకది అని. తెలుగులో పిట్ట అంటే ఏ చిన్న పక్షైనా సరే, అక్కడ మాత్రం ఆ గుంపు ఒక్కదానికే పరిమితమైపోయింది. మన కడప కలివికోడి పేరు మాత్రం లోపలికి వెళ్ళలేదు, దాని లాటిన్ పేరులో "బైటార్క్వేటస్" అంటే రెండు పట్టెడలున్నది, ఛాతీ మీద రెండు చారలుంటాయి కాబట్టి. 1900 తర్వాత కనబడక అంతరించిపోయిందనుకున్నారు, 1986లో లంకమల దగ్గర మళ్ళీ దొరికింది, అదీ రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి అక్కడివాళ్ళు టార్చిలైటు వేసి పట్టుకుంటే.